వర్చువల్ క్లాస్‌రూమ్: మొహమాటం లేని ప్రశ్న, మళ్లీ వినగల పాఠం

2020లో బడులు మూతపడ్డాక ఆన్‌లైన్ క్లాసులు ఎలా నడిచాయో తెలుగు ఇళ్లలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. చాలా ఇళ్లలో ఒకటే స్మార్ట్‌ఫోన్. అది నాన్న జేబులో పనికి వెళ్లిపోయేది. ఇద్దరు పిల్లలుంటే ఒకరి క్లాసు వేళకే రెండోవాళ్ల క్లాసూ పడేది. సిగ్నల్ కోసం డాబా ఎక్కినవాళ్లు, ఊరి బయట గట్టు మీద కూర్చుని పాఠం విన్నవాళ్లు ఉన్నారు. అటు టీచర్లు అంతకుముందెప్పుడూ చూడని యాప్‌లను రెండు మూడు రోజుల్లో నేర్చుకుని, ఒక్క ముఖమూ కనిపించని నల్లటి గడుల ముందు గంటల తరబడి మాట్లాడారు. జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో చేసిన సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి సుమారు 15 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4 శాతం చిల్లర. ఆ స్థితిలో ఉన్న దేశానికి ఉన్నట్టుండి ఆన్‌లైన్ క్లాసు దిక్కయితే ఏం జరగాలో అదే జరిగింది.

ఆ ఇబ్బందులన్నీ నిజం. కానీ అవి బడి లేనప్పుడు, ఏ ఏర్పాటూ లేకుండా, బడికి బదులుగా పెట్టిన క్లాసుల ఇబ్బందులు. బడి నడుస్తుండగా, తగిన ఏర్పాటుతో, బడికి తోడుగా ఉండే వర్చువల్ క్లాస్‌రూమ్ సంగతి వేరు. దాన్ని కూడా ఆ రెండేళ్ల జ్ఞాపకంతోనే తూచి పక్కన పెట్టేస్తే ఎక్కువ నష్టపోయేది మారుమూల ఊళ్ల పిల్లలు, అక్కడ ఒంటరిగా పనిచేసే టీచర్లు.

వర్చువల్ క్లాస్‌రూమ్ లాభాలు చెప్పమంటే ముందుగా అందరి నోటా వచ్చేది దూరం తగ్గడం. హైదరాబాద్‌లో ఉన్న మాస్టారు ఆదిలాబాద్ పిల్లలకు పాఠం చెప్పగలగడం చిన్న విషయమేమీ కాదు. అయితే చదువు ఎలా ఒంటబడుతుందో గమనిస్తే ఇంకో లాభం కనిపిస్తుంది. మామూలు తరగతిలో పిల్లలకు దొరకని వ్యవధి ఇక్కడ దొరుకుతుంది. ఆలోచించుకోవడానికి, డౌట్ అడగడానికి, అర్థం కాని చోట ఆగడానికి, మళ్లీ వినడానికి వ్యవధి. టీచరుకు కూడా తన పాఠం ఎవరికి ఎక్కడ అందలేదో చూసుకునే వ్యవధి.

మాటల్లో గందరగోళం రాకుండా ఒక తేడా చెప్పుకోవాలి. యూట్యూబ్‌లో పాఠం చూడటం వర్చువల్ క్లాస్‌రూమ్ కాదు. టీవీలో పాఠం రావడమూ కాదు. టీచరు, పిల్లలు ఒకే సమయానికి కలిసి, ఒకరి మాట ఒకరు వింటూ, స్క్రీన్ మీద ఒకే బోర్డు చూస్తూ, చాట్‌లో రాస్తూ, పోల్‌లో జవాబులు నొక్కుతూ, అవసరమైతే నలుగురేసి చిన్న గుంపులుగా విడిపోయి పనిచేసి మళ్లీ కలుసుకునే చోటు వర్చువల్ క్లాస్‌రూమ్. అంతా అయ్యాక ఆ క్లాసు రికార్డింగ్‌గా కూడా మిగులుతుంది.

ఈ ఆలోచన కరోనాతో పుట్టలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఇస్రో 'సైట్' అనే ప్రయోగం నడిపింది. అమెరికా నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. బడి సెలవుల్లో టీచర్లకు సైన్స్ బోధనలో శిక్షణ కూడా ఆ టీవీల ద్వారానే ఇచ్చారు. తర్వాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద ఎడ్యుశాట్ వెళ్లింది. పూర్తిగా విద్య కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' అనే విద్యా ఛానెల్, తెలంగాణ వచ్చాక 2017 నుంచి టీ-శాట్ నిపుణ, టీ-శాట్ విద్య ఛానెళ్లు అదే బాటలో నడిచాయి. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో డిజిటల్ తరగతులు మొదలైనప్పుడు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లు అంత త్వరగా అందుకోగలిగాయంటే వెనక ఇంత చరిత్ర ఉంది. వీటిలో ఎక్కువ కార్యక్రమాలకు ఉన్న పెద్ద లోటు, పిల్లవాడి గొంతు టీచరుకు వినిపించకపోవడం. సాధనాలు మారాక ఇప్పుడు ఆ దారి కూడా తెరుచుకుంది.

డౌట్ అడగాలంటే భయం

మన తరగతుల్లో డౌట్ అడగడం ఎంత కష్టమో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 'అందరికీ అర్థమైందా?' అని మాస్టారు అడుగుతారు. 'అయ్యింది సార్' అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంటుంది. అర్థం కాని పదిహేను మంది కూడా ఆ గొంతులో కలిసిపోతారు. లేచి నిలబడి అడిగితే పక్కవాళ్లు నవ్వుతారేమోనని, 'ఇది కూడా తెలియదా' అంటారేమోనని లోపల టెన్షన్. ఆడపిల్లల్లో, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారిన పిల్లల్లో, ఇంట్లో గోండి, కోయ మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్లల్లో ఈ బెరుకు ఇంకా ఎక్కువ. అడగలేక వదిలేసిన ఒక్క డౌట్ తర్వాతి ఆరు పాఠాలకు అడ్డుపడుతుంది.

ఇక్కడ టీచర్ల తప్పు కన్నా సమయం ఇరుకు ఎక్కువ. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతుల రికార్డింగులు విని ఒక విషయం తేల్చారు. ప్రశ్న వేశాక టీచరు జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక్క సెకను. ఆ లోపల జవాబు రాకపోతే ఇంకొకరిని అడగడమో, తానే చెప్పేయడమో జరుగుతోంది. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే చాలు, పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు విప్పారు, 'తెలియదు' అనేవాళ్లు తగ్గారు. మూడు సెకన్లకే అంత తేడా.

చాట్ పెట్టెలో ఆ మూడు సెకన్లు మూడు నిమిషాలవుతాయి. టీచరు ప్రశ్న వేస్తుంది. 'అందరూ జవాబు రాయండి, కానీ నేను చెప్పేదాకా పంపొద్దు' అంటుంది. రెండు నిమిషాలాగి 'ఇప్పుడు పంపండి' అంటుంది. ఒక్కసారిగా ముప్పై జవాబులు తెర మీద వరసగా పడతాయి. ముందు వరుసలో కూర్చునే ఇద్దరు చురుకైన పిల్లలు మిగతావాళ్ల నోరు మూయించే అవకాశం ఇక్కడ లేదు. టీచరుకు మాత్రమే కనిపించేలా డౌట్ పంపే వీలుంటే నవ్వుతారన్న భయం కూడా పోతుంది. నోటితో ఇంగ్లిష్ తడబడే పిల్ల చాట్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసైనా తన డౌట్ చెప్పేస్తుంది. ఆ భాషను తప్పు పట్టకుండా డౌట్ తీర్చే టీచరు ఉంటే, బడి బల్ల మీద రెండేళ్లు మౌనంగా ఉన్న పిల్ల నెల తిరక్కుండా ప్రశ్నలు వేస్తుంది.

రాసుకోవాలా, వినాలా?

ఇంటర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసును గుర్తు చేసుకుంటే రికార్డింగ్ విలువ తెలుస్తుంది. లెక్చరర్ బోర్డు మీద చర్యా విధానం వేస్తూ, ఎలక్ట్రాన్ జంట ఎటు కదులుతుందో వంపు బాణాలతో చూపిస్తూ, ఎందుకు కదులుతుందో నోటితో చెబుతుంటారు. విద్యార్థి తల వంచి ఆ బొమ్మను నోట్సులోకి దించుకుంటుంటాడు. బొమ్మ దించుకోవడం పూర్తయ్యేలోపు 'ఎందుకు' అనే మాట గాలిలో కలిసిపోతుంది. బోర్డు చెరిపేస్తారు. ఇంటికొచ్చి నోట్సు తీస్తే బాణాలుంటాయి, కారణం ఉండదు. రాసుకోవాలా, వినాలా అన్న ఈ పెనుగులాట మన చదువులో ఎన్నేళ్లుగానో ఉంది.

వర్చువల్ క్లాస్‌రూమ్‌లో బోర్డు మీద రాసిందంతా ఫైలుగా పిల్లల చేతికి వస్తుంది. కాబట్టి క్లాసులో తల ఎత్తి వినొచ్చు. వినగా అర్థం కానిది రాత్రి రికార్డింగ్‌లో ఆ చోటికి వెళ్లి, ఆపి, వెనక్కి తిప్పి, వేగం తగ్గించి మళ్లీ వినొచ్చు. ఒకే మాటను నాలుగోసారి చెప్పమని ఏ సార్‌నూ అడగలేం. రికార్డింగ్‌ను పదోసారైనా అడగొచ్చు. జ్వరంతో బడికి రానివాళ్లు, పత్తి తీతల రోజుల్లో ఇంటివాళ్లతో చేనుకు వెళ్లాల్సి వచ్చినవాళ్లు, వరదకు వాగు పొంగి నాలుగు రోజులు ఊళ్లోనే ఆగిపోయినవాళ్లు, వీళ్లందరికీ తప్పిపోయిన పాఠం దొరుకుతుంది. ఒక పాఠం తప్పిపోవడం చదువు మానేయడానికి తొలిమెట్టు అయ్యే కుటుంబాలు మన చుట్టూ ఇంకా ఉన్నాయి.

మళ్లీ వినడంలో ఒక మోసం కూడా ఉంది. ఒకే పాఠం రెండు మూడు సార్లు చూస్తే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను రెండు రకాలుగా చదివించి చూశారు. ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, ఒకసారి చదివి, ఆపై చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అందుకని రికార్డింగ్‌తో పాటు నాలుగైదు ప్రశ్నల చిన్న క్విజ్ ఉండి తీరాలి. వినడం ఎంత సులువైందో, విన్నది రాసి చూసుకోవడం కూడా అంత సులువు కావాలి.

పాఠం పొడవు సంగతీ ఇంతే. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద విద్యార్థులు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు నిలకడగా చూస్తున్నారని, పొడవు పెరిగేకొద్దీ మధ్యలో వదిలేస్తున్నారని అందులో తేలింది. తరగతి గదిలో నలభై ఐదు నిమిషాలు చెప్పే పాఠాన్ని అలాగే కెమెరా ముందు చెబితే పిల్లలు కళ్లు తెరిచి నిద్రపోతారు. ఎనిమిది నిమిషాలు చెప్పి, ఒక పోల్ పెట్టి, జవాబుల మీద మాట్లాడి, మళ్లీ ఎనిమిది నిమిషాలు చెప్పే టీచరు దగ్గర అదే పిల్లలు మేలుకుని ఉంటారు.

టీచరుకు ఏమిటి లాభం?

ఈ చర్చల్లో టీచరును ఎప్పుడూ ఇచ్చే మనిషిగానే చూస్తారు. కొత్త యాప్ నేర్చుకోవాలి, కొత్త మెటీరియల్ చేయాలి, రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో డౌట్లు తీర్చాలి. వర్చువల్ క్లాస్‌రూమ్ టీచరుకు ఏమిస్తుందన్న ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే ఈ ఏర్పాటు ఎన్నాళ్లో నిలవదు.

మొదటిది, తప్పు ఎక్కడ జరుగుతోందో పాఠం నడుస్తుండగానే తెలియడం. ఆరో తరగతి భిన్నాల పాఠం తీసుకుందాం. 1/2 + 1/3 ఎంత అని పోల్ పెట్టారు. నాలుగు జవాబులిచ్చారు: 5/6, 2/5, 1/5, 2/6. నలభై మందిలో పద్దెనిమిది మంది 2/5 నొక్కారనుకుందాం. అంటే వాళ్లు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేశారు. 2/6 నొక్కినవాళ్ల తప్పు వేరు, వాళ్లు హారాలను గుణించారు గానీ లవాలను మార్చలేదు. ఇద్దరికీ చెప్పాల్సిన మాట ఒకటి కాదు. మామూలు తరగతిలో ఈ సంగతి నోట్సులు దిద్దేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి పాఠం దశాంశాల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. పోల్‌లో ముప్పై సెకన్లలో తెలుస్తుంది, అక్కడికక్కడే సరిదిద్దొచ్చు. 2/5 నొక్కిన పద్దెనిమిది మందిని విడి గుంపులో కూర్చోబెట్టి, సగం రొట్టెకు ఇంకో మూడో వంతు కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడగొచ్చు. 2/5 సగం కన్నా తక్కువ కదా!

దిద్దే పని తగ్గడం కూడా టీచర్లకు నిజమైన ఊరట. ఒకే ప్రశ్నకు వచ్చిన నూట ఇరవై సరైన జవాబులకు టిక్కులు పెట్టడంలో టీచరు విద్వత్తుకు పనేమీ లేదు. ఆ పని యంత్రానికి వదిలి, వ్యాసం దిద్దడం, నిరూపణలో తర్కం ఎక్కడ తెగిందో చూడటం లాంటి మనిషి చేయాల్సిన పనికి ఆ గంట పెట్టుకోవచ్చు.

మన టీచర్లలో చాలామంది తమ పాఠాన్ని తాము ఎప్పుడూ చూసుకోలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని చూడటం వేరు, తన రికార్డింగ్ తానే ఒంటరిగా చూసుకోవడం వేరు. ప్రశ్న వేసి ఎంతసేపు ఆగుతున్నాం, ఎవరి పేర్లు ఎక్కువ పిలుస్తున్నాం, ఏ ఉదాహరణ దగ్గర పిల్లల చాట్ ఆగిపోయింది, ఇవన్నీ అక్కడ కనిపిస్తాయి. సంగీతం, నాట్యం నేర్పేవాళ్లకు, క్రికెట్ కోచ్‌లకు ఉన్న ఈ సదుపాయం బడి టీచరుకు ఇన్నాళ్లూ లేదు. ఒక్క షరతు. ఆ రికార్డింగ్ టీచరు చేతిలో ఉండాలి. తప్పులు పట్టడానికి పై అధికారులు వాడటం మొదలుపెడితే ఎవరూ కెమెరా ముందు సహజంగా పాఠం చెప్పరు.

ఒంటరితనం సంగతి కూడా చెప్పాలి. దేశంలో ఒకే టీచరుతో నడిచే బడులు లక్షకు పైగా ఉన్నాయని బడుల లెక్కలు చూపే విద్యా శాఖ యూడైస్ నివేదికలే చెబుతున్నాయి. ఏజెన్సీ ఊరిలో ఐదు తరగతులనూ ఒక్కరే నడిపే టీచరుకు, 'ఈ పాఠం మీరెలా చెప్పారు' అని అడగడానికి పక్క గది లేదు. నెలకోసారి జరిగే క్లస్టర్ సమావేశానికి వెళ్తే ఆ రోజు బడికి తాళం. వారానికి ఒక సాయంత్రం పదిమంది టీచర్లు గంటసేపు వర్చువల్‌గా కలిస్తే ఆ ఒంటరితనం చాలావరకు పోతుంది. 2019లో మొదలైన 'నిష్ఠ' టీచర్ల శిక్షణ 2020 అక్టోబరు నుంచి కేంద్ర విద్యాశాఖ 'దీక్ష' వేదిక మీద ఆన్‌లైన్‌లోకి మారింది. ప్రయాణం లేదు, బడికి సెలవు లేదు, తెలుగులోనే కోర్సులు. కానీ వీడియో చూసి, క్విజ్ నొక్కి, సర్టిఫికెట్ దించుకునే శిక్షణలో తోటి టీచరుతో మాట కలిపే చోటు తక్కువ. శిక్షణకు కూడా నలుగురు కూర్చుని మాట్లాడుకునే తరగతి గది కావాలి.

ఊరు వదలకుండా చదువు

పోటీ పరీక్షలకు చదవాలంటే తెలుగువాళ్లకు కొన్ని ఊళ్ల పేర్లు గుర్తొస్తాయి. గ్రూప్స్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్, డీఎస్సీకి అవనిగడ్డ, సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట. అక్కడికి వెళ్లడమంటే కోచింగ్ ఫీజు ఒకటే కాదు. హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, ఇంటి నుంచి ప్రతి నెలా పంపాల్సిన డబ్బు, ఆగిపోయే సంపాదన. చాలామంది ఆడపిల్లలకు ఇంట్లో ఒప్పుకోరు. అమీర్‌పేట సంస్థలు అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అక్కడి వేళలకు తగ్గట్టు ఆన్‌లైన్‌లో కోర్సులు చెప్పడం కరోనాకు చాలా ముందే మొదలుపెట్టాయి. అంత దూరం వెళ్లగలిగిన పాఠం అచ్చంపేటకో, పాడేరుకో ఎందుకు రాకూడదు? టీ-శాట్‌లో ఉచితంగా వచ్చే గ్రూప్స్ పాఠాలు చూసి ఇంటి దగ్గరే చదువుకునే నిరుద్యోగులను చూస్తే ఈ దారి అవసరం ఎంతో తెలుస్తుంది.

డిగ్రీ చదువుకూ ఇదే వర్తిస్తుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ చదివేవాళ్ల కోసం పెట్టిన చదువు అది. స్టడీ సెంటర్‌లో క్లాసుకు రావాలంటే బస్సు ప్రయాణం, చంటిబిడ్డను ఎవరికో అప్పగించడం తప్పదు. ఆ క్లాసు వర్చువల్‌గా వస్తే డిగ్రీ మధ్యలో ఆపేసిన ఎందరో ఇల్లాళ్లు దాన్ని పూర్తి చేయగలరు. 2020లో ఐఐటీ మద్రాస్ ప్రోగ్రామింగ్, డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. దానికి జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసైతే చాలు. పాఠాలు ఇంటి దగ్గర వినొచ్చు, ముఖ్య పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆన్‌లైన్ డిగ్రీ అనగానే 'కాపీ కొట్టారేమో' అనే అనుమానానికి ఈ ఏర్పాటు మంచి జవాబు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మీద చదివిన కోర్సులకు, ఒక సెమిస్టర్‌లోని మొత్తం కోర్సుల్లో 40 శాతం దాకా కాలేజీలు క్రెడిట్లు ఇవ్వొచ్చని యూజీసీ 2021 నిబంధనలు చెబుతున్నాయి. జిల్లా డిగ్రీ కాలేజీలో ఆ సబ్జెక్టుకు లెక్చరర్ లేకపోతే విద్యార్థి ఆ సబ్జెక్టునే వదులుకోనక్కర్లేదు.

కళ్లు కనిపించని విద్యార్థికి బోర్డు మీది రాత ఎప్పుడూ అందదు. ఫైలుగా వచ్చిన పాఠాన్ని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఆ ఫైలు స్కాన్ చేసిన ఫొటోగా కాక, యూనికోడ్ తెలుగులో టైప్ చేసినదై ఉండాలి. ఈ చిన్న జాగ్రత్తను మన సంస్థలు తరచూ మరిచిపోతాయి. వినిపించని పిల్లల కోసం 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య కింద భారతీయ సంకేత భాషకు ప్రత్యేకంగా ఒక ఛానెల్ వచ్చింది. పాఠాన్ని సంకేత భాషలో చెప్పే ఇంటర్‌ప్రిటర్‌ను ప్రతి బడిలో పెట్టలేకపోయినా, ఒక్క ఇంటర్‌ప్రిటర్ వర్చువల్ క్లాసులో వంద ఊళ్ల పిల్లలకు ఒకేసారి అందగలరు.

ఎక్కడ పనిచేయదు

ఇన్ని లాభాలున్నా ఆన్‌లైన్ చదువులు సగంలో ఆగిపోవడం ఎందుకు ఎక్కువ? ఎడ్‌ఎక్స్ మీద ఎంఐటీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలు పెట్టిన ఉచిత కోర్సులను పరిశీలించిన 2019 అధ్యయనం ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది నూటికి సుమారు ముగ్గురు. పాఠాలు నాసిరకం కావు. విద్యార్థి రాకపోతే 'ఎందుకు రాలేదు?' అని అడిగే మనిషి అక్కడ లేరు. పేరు పెట్టి పిలిచే టీచరు, హోంవర్కు అడిగే టీచరు, నాలుగు రోజులు కనిపించకపోతే ఇంటికి ఫోన్ చేసే టీచరు ఉన్న వర్చువల్ క్లాస్‌రూమ్‌కూ, ఎవరికి వారు చూసుకునే వీడియో కోర్సుకూ అసలు తేడా ఇదే.

వయసు కూడా చూడాలి. ఒకటో తరగతి పిల్లకు పలక మీద చెయ్యి పట్టి 'అ' దిద్దించాలి. పక్క పిల్లతో బలపం పంచుకోవాలి, ఆటలో ఓడి ఏడవాలి. అక్కడ తెరకు చోటు లేదు. పై తరగతుల్లో కూడా ప్రయోగశాలకు హద్దుంది. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ప్రాజెక్టులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకుంది. ప్రయోగం ముందు ఒకసారి తెర మీద చేసి చూసుకోవడానికి అవి చాలా బాగుంటాయి. టైట్రేషన్‌లో ఒక్క చుక్క ఎక్కువై రంగు మారిపోయే అనుభవం మాత్రం బ్యూరెట్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

కెమెరా విషయంలో సంస్థలు పెట్టే పట్టుదల పిల్లలను బాధపెడుతోంది. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో, వెనక వంట, మంచం మీద నలతగా ఉన్న నాయనమ్మ కనిపించేలా కెమెరా పెట్టమంటే ఆ పిల్లవాడు క్లాసే మానేస్తాడు. వీడియో కాల్స్ ఎందుకు అలసట కలిగిస్తాయో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు జెరెమీ బైలెన్‌సన్ 2021లో వివరించారు. దగ్గరగా కనిపించే ముఖాలు, తన ముఖం తానే అదే పనిగా చూసుకోవాల్సి రావడం, ఉన్న చోటి నుంచి కదలలేకపోవడం, ఎదుటివాళ్ల హావభావాలు అర్థం చేసుకోవడానికి మెదడు మీద పడే భారం. హాజరు తెలియడానికి ఒక పోల్ జవాబు, ఒక చాట్ మాట సరిపోతాయి. కెమెరా ఆపితే డేటా కూడా మిగులుతుంది. అందరి వీడియోలతో నడిచే క్లాసుకు గంటకు వందల ఎంబీలు ఖర్చయితే, స్లైడు, గొంతు మాత్రమే ఉన్న క్లాసు అందులో చిన్న భాగంతో నడుస్తుంది. నెల చివర డేటా అయిపోయే ఇళ్లకు ఆ తేడా చాలా పెద్దది.

ఇక ఫోన్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న. పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ 2021 సర్వేలో దేశంలోని గ్రామీణ విద్యార్థుల్లో మూడింట రెండు వంతుల మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. అలా ఉన్న ఇళ్లలో కూడా సుమారు నాలుగో వంతు పిల్లలకు అది చదువుకు దొరకడం లేదు. అన్నకు దొరికి చెల్లికి దొరకని ఇళ్లు ఎన్నో. కాబట్టి వర్చువల్ క్లాస్‌రూమ్‌ను పిల్లల ఇంటి ఫోన్ మీద కట్టకూడదు, బడిలో కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు, నాడు-నేడు బడుల గదుల్లో పెద్ద డిజిటల్ ప్యానెళ్లు బిగించారు. తెలంగాణలోనూ ఉన్నత పాఠశాలలకు అలాంటి ప్యానెళ్లు వచ్చాయి. పరికరం గోడ మీదకు వచ్చేసింది. అవతలి వైపు నుంచి ఎవరు, ఏ పీరియడ్‌లో, ఏ పాఠం చెబుతారన్నది టైంటేబుల్‌లోకి రావాలి.

ఉదాహరణకు, ఒక మండలంలో ఫిజికల్ సైన్స్ టీచరు ఉన్న హైస్కూలు ఒకటి, ఆ పోస్టు ఖాళీగా ఉన్న హైస్కూళ్లు రెండు ఉన్నాయనుకుందాం. మూడింటికీ ఒకే పీరియడ్ పెట్టి ఆ టీచరు వారానికి మూడు రోజులు లైవ్‌లో చెప్పొచ్చు. మిగతా రెండు బడుల్లో ఆ గదిలో ఇంకో సబ్జెక్టు టీచరైనా కూర్చోవాలి. 'ఆ చివర కూర్చున్న అబ్బాయి ఏదో అడగాలనుకుంటున్నాడు మేడం' అని మైకులో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. నెలకోసారి ఆ టీచరు స్వయంగా ఆ రెండు బడులకూ వెళ్లి ప్రయోగాలు చేయించి, పిల్లల ముఖాలు చూసి రావాలి. తెర మీద చూసిన మాస్టారు ఎదురుగా వస్తే పిల్లలకు వచ్చే చనువు తర్వాతి నెల చాట్‌లో కనిపిస్తుంది.

ఈ లైవ్ క్లాసులను, వాటికి తయారయ్యే గంటలను, సాయంత్రం డౌట్ల గంటను ఆ టీచరు పని గంటల్లోనే లెక్కించాలి. మిగతా పీరియడ్లు ఆ మేరకు తగ్గించాలి. రికార్డింగ్ ఉంది కదా అని ఆ రెండు బడుల్లోని ఖాళీ పోస్టులను అలాగే ఉంచేయకూడదు. నియామకం జరిగేదాకా ఆ పిల్లల ఏడాది వృథా కాకుండా చూడటానికే ఈ ఏర్పాటు. కొత్త టీచరు వచ్చిన రోజున లైవ్ క్లాసును ఇద్దరూ పంచుకుని, ఒకరు బోర్డు దగ్గర, ఒకరు చాట్ దగ్గర ఉండి నడుపుకోవచ్చు.